ఏడు భరిణెల కుర్సురా

2024 జూన్ 9, ఆదివారం

కుర్సురా నమూనా పని ఈ రోజు మొదలుపెట్టాను. విశాఖపట్నం రామకృష్ణా బీచ్ ఇసుకలో ఉన్న ఆ సబ్‌మెరైన్ లోపలికి ఫిజిక్స్ టీచరుగా ఏటేటా పిల్లలను తీసుకువెళ్తూనే ఉన్నాను. మునగడం, తేలడం గురించి బోర్డు మీద గంటసేపు చెప్పినా అర్థం కానిది, ఆ ఇనుప గొట్టంలో పది నిమిషాలు వంగి నడిస్తే వాళ్లకు అర్థమవుతుంది. 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరిన ఓడ అది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా మా ఊరి ఒడ్డునే ఉంది.

పదిహేనేళ్లుగా నేను చేసినవన్నీ పెట్టెల్లో వచ్చే ప్లాస్టిక్ కిట్లే. కిట్‌లో ప్రతి ముక్కనూ ఎవరో ముందే ఆలోచించి పెడతారు. దాన్ని శుభ్రం చేసి, అతికి, రంగు వేయడమే మన వంతు. ఆ పనిలోనూ నేర్చుకునేది చాలా ఉంది, దాన్ని తక్కువ చేసి చూడను. అయితే ఇది మా ఊరి ఓడ కాబట్టి, మా చుట్టుపక్కల దొరికే సరుకుతో, మొదటి నుంచీ చేత్తోనే చేయాలని నిశ్చయించుకున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది స్కేలు. ఓడ పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. నమూనాలు చేసేవారికి బాగా అలవాటైన 1:72 కొలతలో ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం ఎత్తు ఉంటాడు. కానీ ఆ కొలతలో కుర్సురా నాలుగడుగులు దాటుతుంది, మా ఇంట్లో అంత బల్ల లేదు. అందులో సగమైన 1:144 తీసుకుంటే అంగుళానికి పన్నెండు అడుగుల లెక్క. ఓడ పొడవు మూడు వందల అడుగులకు ఒక్క పిసరు తక్కువ కనుక నమూనా 25 అంగుళాలు వస్తుంది, వెడల్పు రెండు అంగుళాలు. అడుగులూ అంగుళాలూ తెలిసిన ఏ వడ్రంగికైనా కాగితం లేకుండా నోటితో చెప్పగలిగిన కొలత ఇది. నేను దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం కూడా అదే.

సాయంత్రం ఫొటోల కోసం బీచ్ రోడ్డుకు వెళ్లాను. సబ్‌మెరైన్ పక్కల ఉన్న నీటి కన్నాల వరసలను ఒక్కొక్కటిగా తీసుకుని, రోడ్డు దాటి, 2017 డిసెంబరు నుంచి అక్కడున్న టీయూ-142 విమానం వైపు వెళితే, దాని చక్రాల గూటి కింద మోకాళ్ల మీద కూర్చుని ఒక కుర్రాడు నాలాగే ఫొటోలు తీస్తూ కనిపించాడు. విమానాన్ని కాదు, ఒక గొట్టం మలుపును తీస్తున్నాడు. అలాంటి ఫొటోలు ఎవరు తీస్తారో నాకు తెలుసు కనుక, “ఏ స్కేలు బాబూ?” అని అడిగాను. ఉలిక్కిపడి లేచి, “1:144 మేడమ్,” అన్నాడు. మద్దిలపాలెంలో గది తీసుకుని ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడట. ఈ ఊరికి వచ్చాక, ఏం కడుతున్నావని తనను అడిగిన మొదటి మనిషిని నేనేనట. ఆ మాట విన్నాక అతన్ని అలా వదిలేసి రాలేకపోయాను. మూసివేసే వేళ దాకా ఇద్దరమూ ఆ విమానం రెక్క కిందే నిలబడి మాట్లాడుకున్నాము.

జూన్ 23, ఆదివారం

యలమంచిలి దాటాక హైవే దిగి, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్లాను. కుర్రాడు కూడా వచ్చాడు. ఇక్కడి లక్క బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, ఈనెలు కనిపించనంత నునుపుగా ఉంటుంది, తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఉలికి చక్కగా లొంగుతుంది. సబ్‌మెరైన్ ఒళ్లు దాదాపు గుండ్రమే కనుక దాన్ని తరిమెన పట్టించాలన్నది నా ఆలోచన. ఈ ఊరి పనికి సహజ రంగులను తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చిందని దారిలో కుర్రాడికి చెప్పాను. అతనికి ఏటికొప్పాక అంటే బొమ్మల కొలువులోని పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మాత్రమే తెలుసు.

నేను కలవడానికి వెళ్లిన పనివారు మా బడిలో ఒకసారి పిల్లలకు బొంగరాలు చేసి చూపించినవారు. కొలత చెప్పగానే తల అడ్డంగా తిప్పారు. “పాతికంగుళాలు ఏక ముక్కగా పడితే మద్దిలో కర్ర ఊగిపోద్దండి. ఊగిందంటే ఉలి అదురుద్ది, గాడి పడిపోద్ది. ముక్కలుగా సేసి అతికితే ఏటండి?” అన్నారు. అతుకులు కనిపిస్తాయేమోనని నేను సందేహించాను. ఆయన జవాబు చెప్పకుండా, పక్కనున్న కుంకుమ భరిణె ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. దాని మూత ఎక్కడ మొదలవుతుందో గోటితో తడిమితే తప్ప తెలియలేదు.

మూడు ముక్కలుగా చేద్దామనుకుని వచ్చేశాము. కర్ర మాత్రం నిరుటిది, బాగా ఎండినదే తీస్తానని, పచ్చి కర్రతో ఇప్పుడు చేసేస్తే కార్తీకానికి మూత పట్టదని ఆయన ఖచ్చితంగా చెప్పారు. తొందరేమీ లేదన్నాను.

జూలై 7, ఆదివారం

ఈ రోజు జరిగినది వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే నమూనా రూపమే మారిపోయింది.

ఉదయపు నడక వేళ బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని కుర్రాడికి నా గీతలు చూపిస్తున్నాను. నడుస్తూ వెళుతున్న ఒక పెద్దాయన ఆగి, కాసేపు మా వెనక నిలబడి, “వెనక గొట్టాలు నాలుగు, ముందు ఆరు. నువ్వు వెనక మరిచిపోయావమ్మా,” అన్నారు. టార్పెడో గొట్టాల గురించి. నిజంగానే మరిచిపోయాను. ఆయన నౌకాదళంలో ఇంజను గది మెకానిక్‌గా పనిచేసి విరమించినవారు. ఈ తరగతి ఓడల్లోనే ఎక్కువ కాలం గడిపారు, కొన్నేళ్లు కుర్సురాలో కూడా ఉన్నారు. ఇప్పుడు మల్కాపురంలో ఉంటూ, ఆదివారాలు మాత్రం బస్సెక్కి ఇక్కడికి నడకకు వస్తారు.

గీతలన్నీ తిరగేసి చూసి, ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. “లోపల ఏముంటుందమ్మా?”

“లోపల ఏమీ ఉండదండీ, కర్రే,” అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి, ఓడ వైపు చెయ్యి చాపి, ముక్కు నుంచి తోక దాకా గాలిలో గీతలు గీస్తూ చెప్పడం మొదలుపెట్టారు. మొదటిది ముందు టార్పెడోల గది. రెండోది అధికారులది, దాని అడుగున బ్యాటరీలు. మూడోది ఓడను నడిపే గది, పెరిస్కోపులు అక్కడే. నాలుగో దాని అడుగునా బ్యాటరీలే, పైన నావికుల పడకలూ వంటా. అయిదోది డీజిల్ ఇంజన్లు మూడు. ఆరోది విద్యుత్ మోటార్లు మూడు. ఏడోది వెనక టార్పెడోలు. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య ఇనుప అడ్డుగోడ, అందులో మనిషి దూరేంత గుండ్రని ద్వారం, దానికి బిగించే తలుపు ఉంటాయి. నీళ్లు వచ్చినా నిప్పు వచ్చినా ఆ గదిని ఆ గదిలోనే మూసేయాలి కనుక ఆ ఏర్పాటు. “డెబ్బై అయిదు మందిమి ఉండేవాళ్లం. ఎవరి గది వాళ్లకు ఇల్లు. అయిదో గదిలో మాత్రం మాటలుండవు. మూడు ఇంజన్లూ తిరుగుతుంటే పక్కవాడి నోరు కదలడమే కానీ వినబడదు. అంతా చేతి సైగే,” అన్నారు.

ఇంటికి వచ్చాక ఏటికొప్పాక నుంచి తెచ్చుకున్న భరిణె బల్ల మీద కనిపించింది. గుండ్రని ఒళ్లు, లోపల ఖాళీ, పెదవి మీద పెదవి కూర్చునే మూత. మూడు ముక్కలెందుకు, ఏడు గదులకు ఏడు భరిణెలు చేయిస్తే? ప్రతి భరిణె వెనక అంచు తరవాతి దాని నోట్లో కూర్చుంటే అవి ఒకదానికొకటి మూతలవుతాయి. ఇంకో సంగతి కూడా కలిసి వస్తుంది. ఈ తరగతి ఓడలకు ఒళ్లు రెండు పొరలు. లోపలిది సముద్రపు ఒత్తిడిని తట్టుకునే గట్టి గొట్టం, మనుషులుండేది అందులో. బయటిది నీటిని చీల్చుకుపోయే పలుచని రూపం. రెంటి మధ్యా ఉన్న తొట్లలోకి నీళ్లు వదిలితే ఓడ మునుగుతుంది, అణచిన గాలితో ఆ నీళ్లను వెళ్లగొడితే తేలుతుంది. భరిణె బయటి అంచు బయటి పొర అనుకుంటే, లోపలి అంచు గట్టి గొట్టం అవుతుంది, కర్ర మందమే నీటి తొట్ల చోటు అవుతుంది. రాత్రి పదకొండింటికి ఏటికొప్పాకకు ఫోన్ చేశాను. ఆ వేళకు చేయవలసిన ఫోను కాదు కానీ, ఆగలేకపోయాను. ఆయన అంతా విని, “అదైతే మా పనేనండి,” అన్నారు.

జూలై 28, ఆదివారం

మూడు వారాలు కొలతలకే సరిపోయాయి. మొదటి విడత నేనొక్కదాన్నే టికెట్టు కొనుక్కుని వెళ్లి, ముక్కు నుంచి తోక దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ప్రతి గది పొడవూ రాసుకుని, మొత్తాన్ని 25 అంగుళాలకు సర్ది గీశాను. పెద్దాయన గీత మీద వేలు పెట్టి, “నాలుగోది సాగిపోయింది. అయిదోది ఇంత ఇరుకు కాదు,” అన్నారు. జ్ఞాపకం కంటే కొలత నమ్మదగినది కదా అని మనసులో అనుకున్నాను. మర్నాడు ముగ్గురమూ కలిసి వెళ్లి మళ్లీ లెక్కపెడితే, నాలుగు అయిదు గదుల మధ్య ద్వారం దగ్గర జనం ఆగినప్పుడు రెండడుగులు వెనక్కి వేసి, వాటిని మళ్లీ నాలుగో గదిలోనే కలిపేసుకున్నట్టు తేలింది. ఆయన లెక్కే సరైనది.

ఆ ద్వారాలు దాటే తీరును ఆయన కుర్రాడికి నేర్పించారు. ముందు ఒక కాలు, తరవాత తల, చివర రెండో కాలు. డెబ్బై దాటిన మనిషి ఏడు గదులూ దాటి బయటకు వచ్చేసరికి మేమిద్దరమూ ఇంకా ఆరో గదిలోనే ఉన్నాము.

చివరకు కుదిరిన గీతలో భరిణెల బయటి కొలత నడుమ రెండు అంగుళాలు, గోడ మందం మూడు నూళ్లు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు), లోపలి ఖాళీ అంగుళంపావు. ఒకటో భరిణె, ఏడో భరిణె కొసలకు సన్నబడతాయి. గ్రాఫు కాగితం మీద గీసి ఏటికొప్పాకకు పంపించాను.

ఆగస్టు 25, ఆదివారం

భరిణెలు వచ్చాయి. పాత చీర ముక్కల్లో చుట్టి ఆయనే స్వయంగా బస్సులో తెచ్చి ఇచ్చారు. వరసగా పెట్టి ఒకదానిలో ఒకటి నొక్కుతుంటే, లోపలి గాలి బయటకు పోలేక మెత్తగా ఎదురు నిలిచి, చివరికి చిన్న శబ్దంతో కూర్చుంటున్నాయి. అంత బిగువుగా పట్టారు. ఆరూ తెల్లగా ఉన్నాయి. అయిదోదాన్ని విప్పి చూస్తే లోపలంతా ఎర్ర లక్క పూసి, మొగలి ఆకుతో మెరుగు పెట్టి ఉంది. ఇది నేను చెప్పలేదు. అడిగితే, “ఇంజన్ల గది అన్నారు కదండి. వేడి గది కదా అని ఎరుపు పట్టించినాను,” అన్నారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. అంగుళంపావు వెడల్పున్న గుంత లోపలికి కడ్డీ పట్టి అలా సమంగా పూయడం ఎంత కష్టమో మా కుర్రాడికి అప్పుడే అర్థమైంది. ఆ భరిణెను చాలాసేపు చేతిలోంచి కింద పెట్టలేదు.

తరవాత నేను చేసిన తప్పు రాస్తాను. పైన నడిచే డెక్కు చదునుగా ఉండాలి కనుక ప్రతి భరిణె వీపునూ చిత్రిక పట్టి చదును చేసి, రెండోదాన్నీ మూడోదాన్నీ అరాల్డైట్‌తో అతికేశాను. గుండ్రని పెదవి మీద గుండ్రని పెదవి ఎటైనా తిరుగుతుందన్న చిన్న విషయం ఆలోచించలేదు. ఆరిన తరవాత కుర్రాడు ముక్కు వైపు నుంచి ఒక కన్ను మూసి చూసి, “మేడమ్, మూడోది కుడికి ఒరిగింది,” అన్నాడు. పక్క నుంచి ఎంత చూసినా తెలియని వంకర, ఎదుటి నుంచి చూస్తే తప్పకుండా కనిపిస్తుంది. వేడినీళ్ల ఆవిరి పట్టి, గంటన్నర ఓపిగ్గా ఊపి, అతుకు విడదీశాము. రెండో భరిణె పెదవి కొంచెం విరిగింది, దాన్ని రంపపు పొట్టూ జిగురూ కలిపి సరిచేశాను. ఇప్పుడు ప్రతి అతుకు దగ్గరా అడుగు భాగంలో ఒక సన్నని ఇత్తడి చీల పెట్టి, ఎదుటి దానిలో దానికి గాడి కోశాను. ఏ భరిణె ఎప్పుడు విప్పి పెట్టినా డెక్కు గీత నిటారుగా వస్తుంది. జిగురు అవసరమే లేకుండా పోయింది. ఇలాంటిది చేయబోయే వారెవరైనా మొదట చీలలు పెట్టి, ఆ తరవాతే చిత్రిక ముట్టుకోవాలి.

సెప్టెంబరు 10, మంగళవారం

చవితి మరునాటి నుంచీ ముసురు. ఆ వానలోనే డెక్కు మీద పైకి లేచి ఉండే బురుజుకు కార్లకు వేసే ప్రైమరు కొట్టాను, కొట్టకూడదని తెలిసీ. తడి గాలిలో థిన్నరు ఆవిరవుతూ పైపొరను చల్లబరిస్తే గాలిలోని చెమ్మ దాని మీద కూర్చుని, రంగంతా పాలు ఒలికినట్టు తెల్లబారింది. ఎండ వచ్చాక పలుచగా థిన్నరు మాత్రమే కొట్టండి మేడమ్, తెలుపు విరుగుతుంది అని కుర్రాడు చెప్పాడు. ఎండ కోసం చూస్తున్నాను.

సెప్టెంబరు 29, ఆదివారం

థిన్నరు చిట్కా పనిచేసింది.

ఈ నెలంతా నీటి కన్నాల పనే. డెక్కు కింద రెండు పక్కలా వరసలు కట్టి ఉండే ఈ కన్నాలే దూరం నుంచి ఈ ఓడను గుర్తు పట్టిస్తాయి. ఓడ మునిగేటప్పుడు డెక్కు కిందికి నీళ్లు వచ్చేదీ, తేలినప్పుడు జారిపోయేదీ వీటిలోంచే. నా ఫొటోలన్నీ పరిచి చూస్తే కన్నాలన్నీ ఒకే తీరులో లేవు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, వరస కూడా అక్కడక్కడా తెగుతుంది. సమంగా కొట్టుకుంటూ పోతే పని త్వరగా అవుతుంది కానీ ఓడ కుర్సురా కాకుండా పోతుంది.

అందుకని గడువు తీరిన ఏటీఎం కార్డులను సన్నని పట్టీలుగా కోసి, వాటి మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, వేళ్ల మధ్య తిప్పే చేతి డ్రిల్లుతో పక్కపక్కనే రెండు రంధ్రాలు వేసి, బ్లేడు మొనతో కలిపి, సూదిలాంటి ఆకురాయితో అంచులు సరిచేశాను. కరెంటు డ్రిల్లు వేగానికి ప్లాస్టిక్ కరిగి రంధ్రం చుట్టూ గట్టు కడుతుంది, చేత్తో తిప్పితేనే శుభ్రంగా వస్తుంది. ఒక పట్టీ నేను, ఒక పట్టీ కుర్రాడు పంచుకున్నాము. అతను పనిచేసే చోట పాటలుండాలి, నాకు నిశ్శబ్దం కావాలి. మొదటి ఆదివారం ఇద్దరికీ ఇబ్బందిగానే గడిచింది. రెండో ఆదివారం నుంచి పెద్దాయన వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పాత ప్రయాణాలు చెబుతుంటే, పాటా నిశ్శబ్దమూ రెండూ అక్కరలేకపోయాయి. నీళ్ల కింద మోటార్ల మీదే వెళ్లాలి, డీజిల్‌కు గాలి కావాలి కనుక. బ్యాటరీలు తగ్గగానే రాత్రివేళ గాలి గొట్టం నీటి పైకి చాపి ఇంజన్లు నడిపి మళ్లీ నింపుకోవాలి. ఆ గొట్టాన్ని వెతుక్కుంటూ పైన విమానాలు తిరుగుతాయి. ఇంతవరకు చెప్పి, బల్ల చివర కుర్రాడు కడుతున్న టీయూ-142 వైపు చూసి, “ఇలాంటివే. మమ్మల్ని వెతకడానికే పుట్టినవి,” అన్నారు. అది సబ్‌మెరైన్ల వేట విమానమని కుర్రాడికి తెలుసు. కానీ వేటాడబడే వైపున కూర్చున్న మనిషి నోట వినడం వేరు. డ్రిల్లు పక్కన పెట్టి వరసగా ప్రశ్నలు అడిగాడు, ఆ రోజు పట్టీ పూర్తి కాలేదు.

అతని విమానం గురించి కూడా ఒక మాట రాసుకోవాలి. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి పంకాలు, పంకాకు నాలుగు రెక్కలు, మొత్తం ముప్పై రెండు రెక్కలు. ప్రతిదాన్నీ విడిగా రుద్ది రంగు వేశాడు. ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడుతుందని ఫిషింగ్ హార్బరు దగ్గరి దుకాణంలో వలలకు కట్టే సీసపు గుళ్లు కొని తెచ్చి లోపల అతికించాడు. అది మంచి ఆలోచన.

అక్టోబరు 13, ఆదివారం

దసరా మరునాడు. రంగు తేల్చాము.

ఓడ నలుపే అయినా నమూనాకు పచ్చి నలుపు వేస్తే అది బొమ్మలా కనిపిస్తుంది. అసలు ఓడను మనం ఎంతో గాలి అవతల నుంచి చూస్తాము కనుక దాని నలుపు కొంత పలచబడి కంటికి చేరుతుంది, చేతిలోని నమూనాకు ఆ గాలి లేదు. అందుకే రంగులో కొంత బూడిద కలపాలి. పెద్దాయన ఒప్పుకోలేదు. “మా బోటు నల్లగానే ఉండేదమ్మా,” అన్నారు. వాదనతో తేలేది కాదనిపించి ఒక లెక్క చేశాను. అసలు ఓడకు వంద మీటర్ల దూరంలో నిలబడి, నమూనాను కంటికి డెబ్బై సెంటీమీటర్ల దూరంలో, అంటే దాదాపు చాచిన చేతిలో పట్టుకుంటే, రెండూ కంటికి ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. వందను నూట నలభై నాలుగుతో భాగించడమే.

నాలుగో భరిణె మీద మూడు పట్టీలుగా మూడు రంగులు వేసి, ఉదయం ఎండ ఓడ మీద పడే వేళకు ముగ్గురమూ రోడ్డు వెంట వంద మీటర్లు కొలుచుకుని నిలబడ్డాము. పెద్దాయన ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, భరిణెను ఓడ పక్కకు తెచ్చి, మెల్లగా తిప్పుతూ చూశారు. నడక వాళ్లు ఆగి ఆయన వంకా ఓడ వంకా మార్చి మార్చి చూశారు. చాలాసేపటికి, “మధ్యది,” అన్నారు. మధ్యది బూడిద కలిసినదే. నేను గెలిచానని ఆయనా అనలేదు, నేనూ అనుకోలేదు. ఎంచినది ఆయన కన్ను కనుక ఇక ఆ రంగు మీద నాకు సందేహం లేదు.

నవంబరు 10, ఆదివారం

వెనక పంకాలు మూడు, బురుజు మీది కమ్మీలు. ఇనుప తీగ మా ఊరి ఉప్పుగాలికి ఏడాదిలో తుప్పు పడుతుంది కనుక అన్నీ ఇత్తడితోనే. నా టంకం పనికి ఇంత సన్నని తీగ ఆగలేదు, ఒకచోట అంటించేలోగా పక్క అతుకు ఊడిపోతోంది. కురుపాం మార్కెట్‌లో మా అమ్మ గాజులు చేసిన ఆచారిగారి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన వెలిగారం రాసి, అతికిన చోటును తడి బంకమట్టితో కప్పి, ఊదుగొట్టంతో మంటను సూది మొనంత చేసి తరవాతి అతుకు వేశారు. మట్టి కింది అతుకుకు వేడి చేరదు. ఇన్నేళ్లలో ఏ కిట్టూ నాకు నేర్పని చిట్కా ఇది. కూలి నాలుగు వందలు తీసుకున్నారు. పంకాల రెక్కలకు మెలిక చాలలేదని, గాలిమర ఆకులాగా మొదట్లో ఎక్కువ, కొసకు తక్కువ తిరగాలని చెప్పి, మూడింటినీ తానే మళ్లీ వంచి ఇచ్చారు. పెద్దాయన వాటిని చూసి తల ఊపారు.

డిసెంబరు 8, ఆదివారం

1967లో ఇదే రోజున మన మొదటి సబ్‌మెరైన్ కల్వరి రీగాలో నౌకాదళంలో చేరింది. సబ్‌మెరైన్ల వారు ఏటా ఈ రోజును తమ పండుగగా జరుపుకుంటారు. ఓడను ఈ రోజుకు పూర్తి చేయాలని జూలైలోనే అనుకున్నాము.

సాయంత్రం మా ఇంటి ముందు గదిలో ఏటికొప్పాక నుంచి ఆయన, కురుపాం మార్కెట్ నుంచి ఆచారిగారు, ఆయన మనవరాలు, కుర్రాడు, పెద్దాయన కూర్చున్నారు. బల్ల మీద ఓడ, దాని ఎదురుగా చేతి వెడల్పు ఖాళీ వదిలి కుర్రాడి విమానం, రెండూ ఒకే కొలతలో. తరిమెన పనివారు ఓడను ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని వచ్చారు. అతుకుల మీద వేలు నడిపి, “రంగేసినా పట్టు పోలేదండి,” అన్నారు. సముద్రపు పనంతా ఇనుముదేననుకున్నానని, తన చేతి కర్ర ఇందులోకి వస్తుందనుకోలేదని పెద్దాయనతో చెప్పారు. పెద్దాయన ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ భరిణె ఏ గదో వివరిస్తూ ముక్కు నుంచి ఒక్కొక్కటే విప్పుతూ వచ్చారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోది విప్పగానే లోపలి ఎరుపు కనిపించి ఆగిపోయారు. దాన్ని ఆయనకు ఇంతవరకు చూపించలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడూ మూసే ఉండేది. దీపం కిందికి తీసుకువెళ్లి, లోపలికి చూసి, “ఖాళీగా ఉందేమమ్మా?” అన్నారు.

ఓడ ఈ రోజుకు పూర్తికాలేదని అప్పుడే తెలిసింది. కుర్రాడు కొలబద్ద తెచ్చాడు. నేను కరెంటు బిల్లు వెనక అంగుళంపావు వలయం గీసి పెన్సిల్ ఆయనకు ఇచ్చాను. మూడు ఇంజన్లు పక్కపక్కన, ఒక్కొక్కటి పావు అంగుళం వెడల్పు, మధ్య నడవడానికి రెండు సందులు. ఇంజను ఒళ్లు కర్రతో చేయవచ్చని తరిమెన పనివారు, దాని మీది గొట్టాలు తన తీగతో వస్తాయని ఆచారిగారు అక్కడికక్కడే పంచుకున్నారు. పెద్దాయన గీసినదాన్ని కాసేపు చూసుకుని, ఎడమవైపు ఇంజనును రబ్బరుతో చెరిపి, ఒక నూలు వెనక్కి జరిపి మళ్లీ గీశారు. దాని ముందు మిగిలిన చోట బియ్యపు గింజంత చుక్క పెట్టారు.

“ఇది ఏమిటండీ?” అని అడిగాను.

“నా స్టూలమ్మా. అక్కడే ఉండేది.”

అడుగున్నర ఎత్తు స్టూలు, మా కొలతలో ఒక నూలు. వచ్చే ఆదివారం దానితోనే మొదలుపెడతాము.